మందం

కర్నూల్లో, ఫ్యాను కింద కూర్చున్న పిల్ల
కాగితంలో రెండు గడులు చూపించింది.
ఇల్లా, పడవా?
రెండూ అంటే కంప్యూటరు ఒప్పుకోదంట.

వానాకాలం పడవమ్మా, అన్నాను.
శివరాత్రి దాటి నీళ్లు దిగినాక
బురదలో అడుగు ఆనించి కూర్చుంటాది,
అప్పుడు ఇల్లు.
నీడకని కుక్క దాని కిందికి దూరుతాది,
పంకా రెక్కల సందులో కోడి గుడ్డు పెడ్తాది.
ఆ పిల్ల నవ్వి
పడవ దగ్గర టిక్కు పెట్టింది.

చిరునామా?
ముచ్చుమర్రి రేవు. నీళ్లు యాడుంటే ఆడ.

తయారైన సంవత్సరం?
ఎవురికి తెల్సు.
డ్యాము కట్టేటప్పుడు సిమెంటు మోసిన లాంచీ.
ఇంజనూడిన ఇనుప డొక్కను
మా మామ వేలంలో పాడుకున్యాడు,
జత ఎద్దుల్ని అమ్మి.
చేను నీళ్ల కిందికి పోయినాక
ఎద్దులేంటికి అని.

బేస్తవారం సర్వేకి వచ్చినాడు గౌస్‌పీరు సారు,
బూట్లు చేతిలో పట్టుకొని, ప్యాంటు మోకాళ్లకు మడిచి.
చిన్న సుత్తి, సుద్దముక్క,
అరచేతిలో పట్టేంత మిషను.
నందికొట్కూరు స్కానింగులో
మా కోడలి పొట్టకు పూసినట్లే
పడవ పక్కకి జిగురు పూసినాడు.
మిషను ఆనించి అంకె చదివినాడు.
ఆరు మిల్లీలు ఉండాల్సిందమ్మా, అన్నాడు.
నాలుగు.
మూడున్నర.
మూడు.
చదివిన చోటల్లా సుద్దతో రాసినాడు.

మిషను లేకున్నా నేను చెప్తును.
మంచి ఇనుము సుత్తి తగిలితే పలుకుతాది,
చెడిన ఇనుము దగ్గుతాది.
ముప్పై ఏండ్లు చెవి ఆనించి పండుకున్నదాన్ని.
ఉప్పుచేపల గంప పెట్టే మూలకి పోయినప్పుడు
నేనే తల తిప్పుకున్నా.
అక్కడ సారు రెండుసార్లు కొలిచినాడు,
మళ్లీ జిగురు పూసి మూడోసారి.
ఒకటిన్నర.

లంగరు ఉందా?
ఉంది సార్.
మద్దిలేటి తాడు లాగినాడు, వంగి, ఒగరుస్తా.
నీళ్లు కారుకుంటా పైకొచ్చింది
మా అత్త రోలు.

ఊరు మునగక ముందు ఒకాయన
టేపు పట్టుకొని వచ్చినాడంట.
గోడకి ఇంత, బాయికి ఇంత,
కాసే చింతకి ఇంత, కాయనిదానికి ఇంత.
రోలుకి ఏమీ రాయలేదంట.
దాని మీద కూర్చోనే రాసుకున్యాడని
సచ్చేదాకా చెప్పింది మా అత్త.
గౌస్‌పీరు సారు రోలు చుట్టూ తిరిగి చూసి
లంగరు గడిలో
'రాయి, ఒకటి' అని రాసినాడు.
జొన్నరొట్టె, బుడ్డల చట్నీ పెడితే తిన్యాడు.
మా ఇల్లూ సగం రేకులేనమ్మా, అని
ఎందుకో అని
బూట్లు చేత పట్టుకొని పోయినాడు.

నెలకి జాబొచ్చింది.
పడవకి విలువ గట్టినారు,
పాత సామాన్ల అంగట్లో గట్టినట్లు, కేజీల్లెక్కన.
అడుగు రేకులు మారిస్తే అప్పుడు చూస్తారంట.
అందాకా ఒకటే పాలసీ.
మా పడవ తగిలి ఇంకొకరిది మునిగితే
వాళ్లకి డబ్బులిస్తారు.
మాది మునిగితే లేదు.
మద్దిలేటి రెండుసార్లు చదివించుకున్యాడు,
తప్పు చదివినారేమోనని.
అయినా కట్టినాం.
అది లేకుంటే రేవులో కట్టెయ్యనియ్యరు.

కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి
కారం డబ్బాలో పెట్టినా.
గంప మూల మార్చినా, తారు పూసినా.
సుద్ద అంకెలు చెరగలేదు ఇంకా.
మనమరాలు వాటిని చూసే
మూడు రాయడం నేర్చుకుంది, తిరగేసి.

ఒకటిన్నర దగ్గర పిల్లను పండుకోనియ్యను.
ఆడ నేను పండుకుంటా.
రాత్రి గాలి లేస్తే
కిందనుంచి నీళ్లు తడతాయి, ఒక్కొక్కసారి రెండుసార్లు,
తలుపు తీయమని కాదు,
ఉన్నావా అని అడిగినట్లు.
నాకూ మా పాత వీధికీ నడుమ
ఇంత మందం ఉండాది.